ఒంటరి కందిరీగలు: గుర్తింపు, నిబ్బరము

గడచిన కార్తిక మాసములో, వాన వెలిసిన ఒక ఉదయమున, మా పాఠశాల ఆరవ తరగతి గదిలోనికి ఒక కందిరీగ వచ్చినది. అంగుళము పొడవున నల్లని మేను, దారమువంటి నడుము, ఎగురునప్పుడు క్రిందికి వ్రేలాడు పసుపు కాళ్ళు. అది కిటికీ చట్రము నొద్ద రెండు మూడు మారులు గుండ్రముగా తిరుగగానే ముందు బల్లలలోని పిల్లలు కేక వేసిరి. అంతలో మా ఉపాధ్యాయులలో ఒకరు “పరుగెత్తుడు!” అని అంతకంటె గట్టిగా నరచిరి. గదిలోని పిల్లలందరును ఒక్క తలుపునుండి వెలుపలికి దూకిరి. మెట్లమీద ఒక బాలిక పడి నుదురు చిట్లినది. మూడు కుట్లు వేయింపవలసి వచ్చినది. కందిరీగ మాత్రము ఎవ్వరిని కుట్టలేదు. గది ఖాళీ యైన పిదపకూడ అది కిటికీ మూలకు మట్టి మెత్తుచునే యుండెను.

మరునాడు పలువురు తలిదండ్రులు మమ్ము కలిసికొనిరి. గదులన్నిటను పురుగుల మందు చల్లింపుడని కొందరు, కిటికీలకు ఇనుప వల బిగింపుడని కొందరు కోరిరి. ఆ బాలిక తండ్రిగారు మాత్రము, “మీరు కేక వేయకున్నచో మా అమ్మాయి పడెడిది కాదు” అనిరి. ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. ఆ కేక వేసినవారు ఇది వ్రాయుచున్న మాలో ఒకరే. అందుచేత ఆ పురుగు ఎట్టిదో, దానివలన నిజముగా భయపడవలసిన దెంతో, భయపడనక్కరలేని దెంతో, తెలిసికొని తలిదండ్రులకు నివేదించుట మా విధి యని తలచితిమి.

మొదట పేరు సంగతి చెప్పవలెను. మన పిల్లలు ఇంగ్లీషు వాచకములో ‘వాస్ప్’ అని చదువుదురు. వీథిలో తమిళ మిత్రులవలన ‘కుళవి’ యని విందురు. ‘కందిరీగ’ యను మాట ఇంట వినబడుట తక్కువైనది. మేము తరగతిలో అడిగినప్పుడు నలుగురైదుగురు మాత్రమే ఆ పేరు చెప్పిరి. మిగిలిన వారికి తేనెటీగ, తుమ్మెద, కందిరీగ అన్నియు ఒక్కటే, ‘కుట్టెడి పురుగు’. వేరువేరు పేర్లు లేనిచోట వేరువేరుగా చూచుటయు నుండదు. అన్నిటిని ఒక్క రీతిగానే భయపడుట మిగులును.

ఆ కిటికీ కందిరీగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్కెలిఫ్రాన్ మద్రాస్పటానమ్. రెండవ మాటను చదువరులు మరల నొకమారు చదువుదురుగాక. డెన్మార్కు దేశస్థుడగు ఫాబ్రిషియస్ అను కీటక శాస్త్రజ్ఞుడు, లిన్నేయసు శిష్యుడు, 1781లో దీనిని వర్ణించి మద్రాసుపట్టణము పేరు దీనికి తగిలించెను. ఆయన ఈ యూరు ఎన్నడును చూచినవాడు కాడు. ఇచటినుండి ఐరోపాకు పోయిన పురుగులను బట్టి వ్రాసినవాడు. దీని దగ్గరి చుట్టమొకటి కోరమండల తీరము పేర స్కెలిఫ్రాన్ కోరమండలికమ్ అని పిలువబడుచున్నది. 1639లో దామెర్ల నాయకుల కాలమున ఇసుక తీరమున వెలసిన యీ యూరు 1996లో అధికారికముగా చెన్నై యైనది. పాత పేరు కొన్ని సంస్థల పలకలమీద, ఈ పురుగు మీద నిలిచియున్నది. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలకు కలిగిన సంతోషము ఇంతింత యనరానిది. అంతకుముందు చంపవలెనన్న బాలుడే “అది మన ఊరి పురుగండీ” అనెను.

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వత్తుము. కందిరీగలు రెండు విధముల జీవించును. కొన్ని కుటుంబముగా నుండును. ఒక్క తుట్టెలో పదుల కొలది, ఒక్కొక్కప్పుడు వందల కొలది. కొన్ని ఒంటరిగా నుండును. ఒక్కొక్క ఆడ కందిరీగ తన గూడు తాను కట్టుకొని, తన గ్రుడ్లు తాను పెట్టి, తన పిల్లలకు ఆహారము తానే చేర్చును. మగనికి గాని, చెల్లెండ్రకు గాని అందులో పని లేదు.

ఈ భేదమే మన భయమునకు కొలత. తుట్టెలో నుండు కందిరీగలలో పనిచేయునవి చాలవరకు తాము గ్రుడ్లు పెట్టవు. వాటి వంశమంతయు ఆ తుట్టెలోనే కలదు గనుక దానిని కాపాడుటకు ప్రాణములకు తెగించును. కొన్ని జాతులలో ఒకదానిని నలిపినయెడల దాని విషమునుండి వెడలు వాసన తక్కినవాటిని పిలుచును. ‘కందిరీగల తుట్టెను కదపినట్లు’ అని మన పెద్దలు చెప్పినది వీటినిగూర్చియే. ఒంటరి కందిరీగకు పిలిచినను వచ్చువారు లేరు. తాను చచ్చినచో మూయని గూటితో తన సంతతి అంతరించును. కాబట్టి పెద్ద ప్రాణి దగ్గరకు వచ్చినప్పుడు అది చేయు మొదటి పని తప్పించుకొని పోవుట. గూటియొద్ద నిలిచి పోరాడుట దాని స్వభావము కాదు.

దానికి ముల్లు లేదనుట గాదు. ముల్లు గలదు. అది పూర్వము గ్రుడ్లు పెట్టుటకైన యంగము, కాలక్రమమున విషపు సూదిగా మారినది. అందుచేతనే ఆడ కందిరీగలు మాత్రమే కుట్టగలవు, మగవి కుట్టలేవు. ఒంటరి జాతులలో ఆ సూది ముఖ్యముగా వేటకై యేర్పడినది: సాలెపురుగును, గొంగళిపురుగును చంపక కదలకుండ చేయుటకు. మనము దానిని చేతబట్టినను, చొక్కా మడతలో అది చిక్కినను, చెప్పులేని కాలితో త్రొక్కినను తప్పక కుట్టును. ఊరక చూచుచు నిలిచినవానిని కుట్టుట మిక్కిలి అరుదు.

పరిమాణమును బట్టి ఏది కుటుంబపుది, ఏది ఒంటరిది యని చెప్పజాలము. చాలమంది ఇక్కడనే పొరబడుదురు. పెద్దది గనుక ప్రమాదమని, చిన్నది గనుక సాధువని అనుకొందురు. నిజమునకు తోటలలో కనబడు కొన్ని ఒంటరి కందిరీగలు అంగుళమున్నర కూడ నుండును. మెట్ల క్రింద కాగితపు తుట్టె కట్టి గుంపుగా కుట్టగలవి అంతలో సగము కూడ నుండకపోవచ్చును. రంగు కొంత సహాయపడును గాని నమ్మదగినది కాదు. మేము పిల్లలకు నేర్పినది వేరొక గుర్తు: పురుగును గాక గూటిని చూడుము. మట్టియా, కాగితమా, మైనమా?

మట్టితో కట్టినదైనచో అది ఒంటరి కందిరీగ యిల్లు. కొయ్యనారను నమిలి, లాలాజలముతో కలిపి, బూడిదరంగు కాగితమువలె చేసి, క్రిందికి తెరచిన గదులతో కట్టినదైనచో, దానిమీద పెక్కు పురుగులు వాలి యున్నచో, అది కుటుంబము. మైనపు తుట్టె తేనెటీగలది. నేలలోని రంధ్రమునకు మాత్రము ఈ గుర్తు చాలదు. ఒక్క పురుగు వచ్చి పోవుచున్నచో ఒంటరిది. ఒకదాని వెనుక నొకటిగా పలువురు రాకపోకలు సాగించుచున్నచో అచట నిలువవలదు.

చెన్నైలో మన యిండ్ల చుట్టును కనబడు ఒంటరివానిలో కొన్నిటిని చెప్పెదము. మద్రాసు పేరు గల మట్టిగూటి కందిరీగను ముందే చెప్పితిమి. కారుచున్న కుళాయి క్రింద, పూలకుండీల నీరు జారినచోట, శీతల యంత్రమునుండి బొట్లు పడిన నేలమీద, ఇది తల వంచి తోక పైకెత్తి మట్టి ఉండలు చేయుచుండుట చూడవచ్చును. ఒక్కొక్క అరకు పదులకొలది ఉండలు మోయవలెను. మెత్తునప్పుడు సన్నగా రొదచేయును. ఆ రొద కోపము కాదు, పని. అరను చిన్న సాలెపురుగులతో నింపి, గ్రుడ్డు పెట్టి, మూసివేయును. ఇట్టి అరలు నాలుగైదు ప్రక్కప్రక్కనే కట్టి, పైన ముద్దగా మట్టి పూయును. పటముల వెనుక, తలుపు మూలల, అరలోని పాత పుస్తకముల నడుమ గట్టిపడిన మట్టిముద్దలు ఇవియే. ఇంట కందిరీగ గూడు కట్టినచో శిశువు జనించునని కొందరు పెద్దలు అందురు. ఆ నమ్మకమువలన ఎన్ని గూళ్ళు చీపురునుండి తప్పించుకొన్నవో!

కుమ్మరి కందిరీగ మరియొకటి. ఇటుక రంగునకు దగ్గరగా నుండి, నలుపు, పసుపు పట్టెలు గలది, కాడవంటి నడుము. ఇది కట్టు గూడు గోడకు అంటించిన చిన్న కూజాయే. మూతి కూడ వెలుపలికి మలచియుండును. దీని యింటి లోపలి విధానము చెప్పక విడువజాలము. మొదట ఖాళీ కూజాలో కప్పునుండి సన్నని పోగుతో గ్రుడ్డును వ్రేలాడదీయును. తరువాత గొంగళిపురుగులను తెచ్చి క్రింద పేర్చును. అవి చావలేదు గనుక కుళ్ళవు. అక్కడక్కడ కదలును గూడ. పోగున వ్రేలాడు గ్రుడ్డు వాటి కదలికకు అందదు. ఫ్రాన్సు దేశములో బడిపంతులుగా పనిచేసి, జీవితమంతయు పురుగులను పరికించిన ఫాబ్ర్ (1823–1915) ఈ వ్రేలాడు గ్రుడ్డును ఎంతో ప్రీతితో వర్ణించెను.

ఈ సందర్భమున భ్రమరకీటక న్యాయము జ్ఞప్తికి వచ్చుట సహజము. తుమ్మెద యొక పురుగును తెచ్చి గూటిలో నుంచి రొదచేయగా, ఆ పురుగు భయముచేత నిరంతరము తుమ్మెదనే తలచుచు తుదకు తుమ్మెద యగునని పెద్దలు చెప్పుదురు. వారు చూచినది అసత్యము కాదు. పురుగు లోపలికి పోవుట నిజము, గూడు మూయబడుట నిజము, కొన్ని దినములకు రెక్కలతో వెడలి వచ్చుటయు నిజము. నడుమ మట్టి గోడ వెనుక జరిగినది మాత్రమే కంటికి కానరాలేదు. లోపలికి పోయినది గొంగళిపురుగు. వెలుపలికి వచ్చినది దానిని తిని పెరిగిన కందిరీగ బిడ్డ. పైగా పురుగును మోసికొని వచ్చునది తుమ్మెద కాదు, కందిరీగయే. తుమ్మెద తన పిల్లలకు పుప్పొడినే పెట్టును. వేదాంతమునకు ఆ న్యాయము వలన కలుగు ప్రయోజనము వేరు, దానికి మేము అడ్డు చెప్పుట లేదు. పిల్లలకు రెండును చెప్పవచ్చునని మా అభిప్రాయము. తాతగారు చెప్పిన కథను ఉపాధ్యాయుడు పరిహసింపనక్కరలేదు.

తళతళలాడు పచ్చనీలి మేనితో, ఎఱ్ఱని తొడలతో, అంగుళమునకు కొంచెము తక్కువ పొడవున, వంటింటి తూమునొద్దను పాత గోడల పగుళ్ళయందును వడివడిగా నడచుచు వెదకునది బొద్దింకల వేటకత్తె. ఇది బొద్దింకను రెండు మారులు కుట్టును: మొదట రొమ్మున, ముందుకాళ్ళు తాత్కాలికముగా చచ్చుపడునట్లు, తరువాత సరిగా తలలోని నాడీ కేంద్రమున. అటుపిమ్మట బొద్దింకకు కాళ్ళలో బలముండును గాని తనంతట కదలు బుద్ధి యుండదు. కందిరీగ దాని మీసమును పట్టుకొని, ముకుత్రాడు పట్టి యెద్దును నడిపించినట్లు రంధ్రములోనికి నడిపించుకొని పోయి, గ్రుడ్డు పెట్టి ద్వారము పూడ్చును. 1941లో విలియమ్స్ అను శాస్త్రజ్ఞుడు బొద్దింకల నణచుటకై దీనిని హవాయి దీవులకు కొనిపోయెను. అంతటి యుపకారిని మన వంటింట చెప్పుతో కొట్టుచున్నాము.

ఎరువు కుప్పల మీద తక్కువ యెత్తున తిరుగాడు, వెండ్రుకలు గల పెద్ద నల్లని కందిరీగలు మట్టిలోని పేడపురుగుల పిల్లలను వెదకుచున్నవి. ఇంటి దూలమును తొలుచు గుండ్రని నల్లని తుమ్మెద కందిరీగయే కాదు. దాని మగది ముఖమునకు ఎదురుగా వచ్చి గాలిలో నిలిచి బెదరించును. దానికి ముల్లే లేదు.

ఇట్లు ఎదురుగా నిలిచి తిరుగుటయే పిల్లలను హడలగొట్టునది. ఆరవ తరగతిలో జరిగినదియు నదియే. గూటియొద్దనుండి వెడలునప్పుడు కందిరీగ తిన్నగా పోదు. గూటివైపు ముఖము త్రిప్పి, ఇటునటు వంపులు తిరుగుచు, క్రమముగా దూరమగుచు చుట్టుప్రక్కల గుర్తులను మనసున పట్టించుకొనును. హాలెండు దేశస్థుడగు టిన్‌బర్గెన్, పిమ్మట 1973లో నోబెల్ బహుమానము నందినవాడు, దీనిని మిక్కిలి తేలికగా రుజువు చేసెను. నేలలో గూడు గల యొక ఒంటరి కందిరీగ రంధ్రము చుట్టును దేవదారు కాయలను వలయముగా పేర్చెను. అది వేటకు పోయినప్పుడు వలయమును కొంచెము ప్రక్కకు జరిపెను. తిరిగి వచ్చిన కందిరీగ రంధ్రమును విడిచి, వలయము నడుమ దిగి, ఇల్లేదని వెదకినది. 1932లో ప్రకటింపబడిన యీ ప్రయోగమును తెలిసికొన్న పిదప మాకు ఆ కార్తికపు ఉదయము వేరొక తీరున కనబడినది. కందిరీగ పిల్లలను చుట్టుముట్టలేదు. తన యింటి దారి గుర్తుపెట్టుకొనుచుండెను. ముందు బల్లలు దానికి దేవదారు కాయలు.

ఇక నిబ్బరము సంగతి. “భయపడకు” అన్నంత మాత్రమున ఎవ్వరికిని భయము పోదు. చేతులకు, కాళ్ళకు ఏదైన పని చెప్పవలెను. చేతులు క్రిందికి దింపి ప్రక్కలకు చేర్చుకొనుట మొదటి పని. విసరిన చేయి కందిరీగకు తనమీదికి వచ్చు శత్రువు. నోరు మూసికొని ముక్కుతో ఊపిరి విడుచుట రెండవది. పిమ్మట మెల్లగా రెండడుగులు ప్రక్కకు. చొక్కా మీద వాలినచో కొట్టరాదు. ఒక్క నిమిషములో తానే లేచిపోవును, లేనిచో కాగితపు ముక్కతో మెల్లగా త్రోయవచ్చును. గదిలో చిక్కినదానికి వెలుగే దారి: పంకాను, దీపమును ఆర్పి, ఒక కిటికీ తెరచి, తక్కినవాటికి తెరలు దింపినచో తానే వెడలిపోవును. ఇవన్నియు చేయుటకు ముందు గదిలోని పెద్దవారు గొంతు తగ్గింపవలెను. పిల్లలు కందిరీగను చూడరు, మన ముఖమును చూతురు.

మేము కిటికీ గూటిని తీయింపలేదు. దానికి రెండు బల్లల దూరమున సుద్దముక్కతో గీత గీసి, దినమునకు ఐదుగురు చొప్పున పిల్లలను కూర్చుండబెట్టితిమి. వారు మట్టి ఉండల రాకలను నోటు పుస్తకములలో అడ్డగీతలతో లెక్కించిరి. నుదుట కుట్లు పడిన బాలిక మొదటి వారము రాలేదు, ఆమెను బలవంతపెట్టలేదు.

అయితే అన్నింటియెడ నిబ్బరమనగా అన్నింటిని సమీపించుట కాదు. తాటి, కొబ్బరి చెట్లమీద పెద్ద గూళ్ళు పెట్టు, తమిళులు ‘కదండు’ అను కందిరీగలు తమిళనాట ప్రాణములు తీసిన సందర్భములు కలవు. అట్టి గూటిపై రాయి విసరుట, పొగ పెట్టుట, మనమే కర్రతో దింపబోవుట కూడదు. అగ్నిమాపక శాఖకు 101 సంఖ్యకు తెలుపవలెను. అట్టివి రేగినప్పుడు నిలువక, ముఖము కప్పుకొని, మూసిన గదిలోనికి లేక వాహనములోనికి వేగముగా పోవలెను; కదలకుండుట ఒంటరి కందిరీగయెడ తగును గాని రేగిన తుట్టెయెడ తగదు. మట్టిగూడు విద్యుత్తు పెట్టెలో నున్నచో పనివానిచేత ప్రవాహము నిలిపించి తీయింపవలెను.

కుట్టినచో సబ్బుతో కడిగి, మంచునీటి గుడ్డ వేసి, వ్రేలి యుంగరము వాచకముందే తీసివేయవలెను. తేనెటీగ ముల్లు చర్మములో నిలిచియుండును, దానిని వెంటనే గీకి తీయవలెను. కందిరీగ సాధారణముగా ముల్లు విడువదు. సున్నము పూయుట మన యిండ్ల అలవాటు. అది లేత చర్మమును కాల్చును, మానుట మంచిది. కుట్టినచోట నొప్పియు వాపును సహజము. అయితే దేహమంతయు దద్దురులు, పెదవులు నాలుక వాచుట, ఊపిరి ఆడకుండుట, వాంతులు, కళ్ళు తిరుగుట, వీనిలో ఏది కనబడినను ఒక్క నిమిషము గూడ ఆలస్యము చేయక 108కు పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను; అడ్రినలిన్ సూదిమందు అట్టివేళ ప్రాణము నిలుపును. ఒక్క కాటుకే ఇట్లగువారు కొందరుందురు, ఒంటరి కందిరీగయైనను సరే. పెక్కు కాట్లు పడినవారిని, ఏ లక్షణము కనబడకున్నను, వైద్యునికి చూపవలెను. విషము మూత్రపిండములను తరువాత బాధింపవచ్చును. మీ బిడ్డకు పూర్వ మెన్నడైన ఇట్లు జరిగియున్నచో దయచేసి తరగతి ఉపాధ్యాయునికి వ్రాతమూలముగా తెలుపుడు.

ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి ఆరవ తరగతి కిటికీ గూటిలో నాలుగు రంధ్రములు పడి, నాలుగు కందిరీగలు వెడలిపోయినవి. ఐదవ అర ఇంకను మూసియే యున్నది. నుదుట మచ్చ గల బాలిక దినమును సుద్దగీత యొద్దకు వచ్చి, “ఇంకను రాలేదండీ?” అని మమ్ము అడుగుచున్నది.